నాలుగు టైర్ల బేరం

ఆటోనగర్‌లో దాలినాయుడు కొట్టు ముందు
బండిని జాకీల మీద లేపి
నాలుగు కాళ్ళూ విప్పేశారు.
కోటి రూపాయల బండి
కొలతలకి చొక్కా విప్పి నిలబడ్డ పెద్దమనిషిలా
ఎటు చూడాలో తెలియక గాల్లో ఉంది.

ఎడమ టైర్లు లోపలంచున బోడిగుండయ్యాయి.
"అలైన్‌మెంటు పోయింది," అన్నాడు కుర్రాడు.
కాదు నాయనా,
సాగర్‌నగర్ దగ్గర గోతులు తప్పించడానికి
మూడేళ్ళుగా ఎడమకి ఒరిగి ఒరిగి నడిపాను.
వెనక సీట్లో మేడమ్ నిద్రపోతుంటుంది.

ఆవిడ మత్తు డాక్టరు.
పొద్దుట్నుంచీ ఒకరి తరవాత ఒకర్ని నిద్రపుచ్చి
వాళ్ళు కళ్ళు తెరిచేదాకా తను రెప్ప వెయ్యదు.
ఇంటికెళ్తే ఫోను ఊరుకోదు.
రాంనగర్ నుంచి రుషికొండ దాకా
ఆ అరగంట పైచిలుకే
ఆవిడకి రాత్రి.

"నీకు నచ్చినవే వేయించు, కొర్లయ్యా.
మోత రాకూడదు, అంతే," అంది ఫోన్లో.

దాలినాయుడు మొదటిది దొర్లించాడు.
"ఇది పంచరైనా ఆగదు, ఇంటికాడ దింపుద్ది."
నిజమే, ఈ బండికి స్టెప్నీ లేదు.
కొన్న రోజు డిక్కీ అడుగు ఎత్తి చూస్తే
చక్రం ఉండాల్సిన చోట
ఒక పంపూ, జిగురు సీసా.
ఆ రోజు నుంచీ నా గుండెలో ఒక స్టెప్నీ మోస్తున్నాను.
కానీ ఈ టైరు గోడ మరీ బిరుసు.
ప్రతి గులకరాయినీ వెన్నుపూసకి పేరుపెట్టి చెప్తుంది.

రెండోది గోరుతో నొక్కాను. మెత్తన.
అడుగున నాలుగంకెలు చదివాను.
"మూడేళ్ళ కిందట పుట్టింది కదా ఇది!"
"వాడనిదే కదేటి?"
"వాడకపోయినా ఉప్పుగాలి తిన్నాది.
మనూళ్ళో గోడలకే పెచ్చులూడతాయి, రబ్బరెంత?"
నవ్వి లోపలికి పోయి
పోయిన నెలలో పుట్టిన నాలుగు తెచ్చాడు.
లోపల స్పాంజి పొర,
పైన నీళ్ళు పోడానికి లోతైన కాలవలు.
కాలవల్లో వేలు పెట్టి చూశాను.
తొలివానకి కాన్వెంట్ జంక్షన్‌లో
బొగ్గు పొడి సబ్బు నురగవుతుంది.
నిద్ర మంచిదే,
కానీ బతికుంటేనే.

లక్షా ఇరవై రెండు వేలు.
అది నాకు ఎన్ని నెలల జీతమో
లెక్క మొదలెట్టి మధ్యలో ఆపేశాను.
అలాంటి లెక్కలు చేస్తే
స్టీరింగు మీద చెయ్యి బరువెక్కుతుంది.

పాతవాటికి తలా అయిదొందలిస్తానన్నాడు.
ఇవ్వలేదు. ఆటోలో వేసి
ఫిషింగ్ హార్బరుకి పట్టుకుపోయాను.
మా పోలయ్య మామ బోటు పక్కలకి కడతాడని.
మామ ఒకదాన్ని తిరగేశాడు, బోర్లేశాడు,
మోకాలితో నొక్కాడు.
"ఏటిరా ఇది? దీనికి పొట్టే లేదు!
జెట్టీకి గుద్దుకున్నప్పుడు ఓర్సుకోడానికి పొట్టుండాల.
లారీదుంటే తే."
నాలుగూ ఒకదానిమీదొకటి పేర్చి
పీట చేసుకుని కూర్చుని
మళ్ళీ వల కుట్టుకోడంలో పడ్డాడు.

ఆ రాత్రి కొత్త కాళ్ళతో బయల్దేరాం.
బీచ్ రోడ్డు ఎక్కేసరికి
బండి నడుస్తోందో, రోడ్డే వెనక్కి జరుగుతోందో.
ఇండికేటరు టిక్కుటిక్కు,
నా చేతి గడియారం,
వెనక మేడమ్ ఊపిరి.
తెన్నేటి పార్కు దాటాక
నా తల ఒక్కసారి ముందుకి వాలింది.

క్షణమే. కానీ ఒళ్ళంతా చల్లబడింది.
ఇన్నాళ్ళూ ఆ పాత టైర్ల హోరే
నన్ను మేలుకోబెట్టిందని అప్పుడు తెలిసింది.

ఈ సంగతి ఆవిడకి చెప్పలేదు.
రాంనగర్ గేటు దాటగానే ఇప్పుడు
బుగ్గన ఒక లవంగం పెట్టుకుంటాను.
రుషికొండ వచ్చేదాకా
కొరుకుతూ ఉంటాను,
చప్పుడు కాకుండా.